వార్తల్లో పదం: దంత మూలకణాల ఎపిజెనెటిక్స్

ఊడిన పాలపన్నును మనం ఇంటిపైకి విసిరేస్తాం. దాని గుజ్జులోనూ మూలకణాలుంటాయని 2003లో తేలింది. శాశ్వత దంతాల్లో 2000లోనే గుర్తించారు. అవి డెంటిన్‌ను (ఎనామిల్ కింది గట్టి పొరను) కట్టే కణాలుగా మారాలంటే తగిన జన్యువులు మేలుకోవాలి. డీఎన్‌ఏ రాత మారదు. దానికి అంటుకునే మిథైల్ గుర్తులు, అది చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్లలో మార్పులే ఏ జన్యువు పనిచేయాలో నిర్ణయిస్తాయి. ఇదే ఎపిజెనెటిక్ నియంత్రణ. హిస్టోన్ల బిగువు సడలించే మందులు మూలకణాలు అలా మారడానికి తోడ్పడటం ప్రయోగశాలల్లో కనిపించింది.

మరి తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పాడైన పళ్ల సంగతేమిటి? దేశంలో ఈ జబ్బు, ఫ్లోరోసిస్, 1937లో తొలిసారి వెలుగుచూసింది నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి ప్రాంతంలోనే. గోధుమరంగు చారలు పడ్డ ఆ పళ్లను ఈ మూలకణాలు బాగుచేస్తాయా? చేయలేవు. ఫ్లోరైడ్ దెబ్బ పంటి పైపొర ఎనామిల్ మీద. దాన్ని కట్టే కణాలు పన్ను మొలిచేసరికే అంతరిస్తాయి. అక్కడి పిల్లలకు ముందుగా కావాల్సింది మంచినీళ్లు.