చక్కెర పేరు పెట్టుకున్న స్టేషన్

మా పెద్ద కొడప్‌గల్‌కి రైలు లేదు. హైదరాబాద్ పోవాలన్నా, నాందేడ్ పోవాలన్నా 161వ నంబరు హైవే మీద బస్సే దిక్కు. మా వైపు రైలు పట్టాలంటే గుర్తొచ్చేది బోధన్. దాన్ని ఆనుకునే శక్కర్‌నగర్ అని ఓ బుల్లి స్టేషన్ ఉంది. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర. దేవుడి పేరో, రాజు పేరో కాదు, సరుకు పేరు!

కథ మంజీరా నీళ్లతో మొదలవుతుంది. 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ కట్టారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువల్లో నీళ్లు పారాయి, చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. మరి అంత చక్కెర బయటికి పోయేదెట్లా? సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్ గేజ్ లైను అప్పటికే ఉంది. నిజామాబాద్ దాటాక జానకంపేట దగ్గర దానికి ఓ కొమ్మ వేశారు. సుమారు 20 కిలోమీటర్లు. ఎడపల్లి, శక్కర్‌నగర్, బోధన్... అక్కడితో పట్టాలు ఆఖరు.

ఆ లైను మా కోసం వేసింది కాదు, చక్కెర కోసం వేసింది. ఎక్కింది మాత్రం జనం కూడా. కూలీలు, కాలేజీ పిల్లలు, నిజామాబాద్ దవాఖానకు పోయేవాళ్లు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకే కస్టమర్ కోసం రాసిన కోడ్. కస్టమర్ పోతే దాన్ని పట్టించుకునేదెవరు?

ఆ కస్టమర్ పోవడం ఒక్కరోజులో జరగలేదు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాతా ప్యాసింజర్ నడిచింది. 2020 మార్చిలో కరోనాతో దేశమంతా రైళ్లు ఆగినప్పుడు అదీ ఆగింది. మెయిన్ లైను మీద రైళ్లు మళ్లీ తిరిగాయి. బోధన్ జనం మాత్రం ప్యాసింజర్ కోసం అర్జీలు పెట్టుకుంటూ ఉండిపోయారు. నష్టాల లెక్క చెప్తే నాకు పెద్దగా నచ్చదు. బస్సు టికెట్టుకి, ప్యాసింజర్ టికెట్టుకి తేడా ఎంతో రోజుకూలీని అడిగితే తెలుస్తుంది.

ఇంకో ముచ్చట. ఆ పట్టాలు బోధన్ దగ్గర ఆగకుండా బీదర్ దాకా పోవాలని మా పెద్దల కాలం నుంచీ అడుగుతున్నారు. సర్వేలు జరిగాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ మాట వినబడుతుంది. ఇప్పుడు మా వైపు కాలువ నీళ్లకి ఎక్కువగా వరే. ఆ వడ్లు లారీలెక్కి రోడ్డు మీదే పోతున్నాయి.