ఊరిపేరు తారుమారు.. తెరపై తెలుగుకు తిప్పలు

మోపిదేవి: సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయ విశేషాలతో సొంతంగా వెబ్ పేజీ తయారు చేసుకునే ఔత్సాహికులకు తొలుత ఎదురయ్యే చిక్కు అక్షరాలతోనే. రాత్రంతా శ్రమించి తెరచి చూస్తే ఊరిపేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు దర్శనమిస్తాయి.

కంప్యూటరు అక్షరాలను సంఖ్యలుగా భద్రపరుస్తుంది. 'మోపిదేవి' చూపునకు నాలుగు అక్షరాలే అయినా, యూనికోడ్ లెక్కలో హల్లులు నాలుగు, గుణింతపు గుర్తులు నాలుగు కలిసి ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో దానికి మూడు చొప్పున 24 బైట్లు. ఆ పద్ధతి పేరును పేజీ ఆరంభంలో పేర్కొనకుంటే బ్రౌజరు ఒక్కో బైటునూ ఒక్కో లాటిన్ గుర్తుగా చదివే ప్రమాదముంది. ఆ ఒక్క పంక్తి చేర్చగానే ఊరిపేరు చక్కగా ప్రత్యక్షమవుతుంది. పడిన శ్రమంతా మరచిపోయే క్షణమది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, 2000 దశకంలో పలు తెలుగు సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి చదవడానికి వీలుకాదు, తెలుగులో వెతికినా దొరకవు. వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' వంటి మార్పిడి సాధనాలు నాడు ఈ ఇబ్బందిని కొంత తీర్చాయి. గ్రామ చరిత్రలు, స్థల పురాణాలను పాత ఫాంట్లలో దాచుకున్నవారు వాటిని ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోవడం మేలు. ఫాంటు దొరకని నాడు ఆ రాతను రాబట్టడం కష్టతరమవుతుంది.