ఎండమావి నీళ్లు

చైత్ర వైశాఖములలో నల్లరేగడి చేలు బీటలు వాఱి యుండఁగా, మిట్టమధ్యాహ్నమున దారికి ముందఱ నీటిమడుగు మిలమిలలాడుచుఁ గనఁబడుట మన కర్నూలు కడప సీమల పెద్దలకు క్రొత్త గాదు. మనము దగ్గఱకుఁ బోయినకొలఁది నది దూరమునకు జరుగును. సత్యమేది, మిథ్య యేది యను విచారమున మన వేదాంతులు పలుమాఱు చూపిన దృష్టాంతమిదియే. చల్లని దేశములవారి కిది పుస్తకములోని మాట. మనకు గడప దాఁటినఁ గనఁబడు సంగతి.

నేల మిక్కిలి కాఁగినప్పుడు దాని నంటియున్న గాలి పలుచనగును. ఆకాశమునుండి యేటవాలుగా దిగివచ్చు వెలుఁగు ఆ గాలిలో వంగి, మరలఁ బైకి లేచి మన కంటఁ బడును. వెలుఁగు తిన్నగనే వచ్చినదని మనకుఁ దోఁచును గాన, ఆకాశపుఁ జాయ నేలమీఁదఁ బఱచినట్లుండును. వెలుఁగు నిజమే, చూచుటయు నిజమే; నీళ్లను నిశ్చయ మొక్కటే తప్పు.

ఆ తప్పు నెట్లు వివరింపవలె నన్నచోట మతములు మూఁడైనవి. ఆ మూఁటికిని సంబంధించిన క్షేత్రములు మన సీమలోనే యుండుట మన భాగ్యము. పెన్నయొడ్డున పుష్పగిరి అద్వైతులది. నల్లమలలో అహోబిలము విశిష్టాద్వైతులది. రాఘవేంద్రస్వాములవారు 1671లో బృందావనప్రవేశము చేసిన మంత్రాలయము ద్వైతులది.

ఏ జ్ఞానమును బొత్తిగా అబద్ధము గాదని రామానుజులవారి పక్షము. పంచభూతములు ఒకదానితో నొకటి కలసియున్నవి గనుక ఎండమావియందును జలాంశము లేశమాత్రము గలదు. కన్ను దానినే పట్టినది. దాహము తీర్ప నది చాలదు, అంతియే. మధ్వాచార్యులవారి పక్షమున నచట నీరు లేనే లేదు; లేనిదే యున్నట్లు తోఁచినది. అయినను, నిజమైన నీటి నెన్నఁడును ఎఱుఁగనివానికి ఆ భ్రమ కలుగదు గదా!

శంకరులవారి మార్గము సూక్ష్మము. ఆ నీరు కనఁబడినది గాన కుందేటికొమ్మువలె లేనిది గాదు. తెలిసినపిమ్మట నిలువదు గాన ఉన్నదియుఁ గాదు. దీనినే అనిర్వచనీయ మందురు. త్రాటిపాముకంటె ఎండమావియే నాకు మేలైన దృష్టాంతముగాఁ దోఁచును. దీపము తెచ్చినంతనే పాము పోవును. ఎండమావి యట్లు గాదు. ఎఱిఁగినవాఁడును దానిని జూచుచునే యుండును, కడవ చంకఁబెట్టుకొని పరుగెత్తఁడు. జ్ఞానికి లోకము కనఁబడుట మానదు.

ఈ సూక్ష్మము నెఱుఁగక “అంతయు మాయ” యనువారు రచ్చకట్టలమీఁద గలరు. చెఱువు పూడిక తీయుటకు ఇంటి కొకమనిషిని బంపుమన్నప్పుడే వారికి వేదాంతము జ్ఞప్తికి వచ్చును. అద్వైతమున సత్త మూఁడు మెట్లు. ఎండమావి నీరు ప్రాతిభాసికము, బావినీరు వ్యావహారికము, బ్రహ్మము పారమార్థికము. బ్రహ్మజ్ఞానము కలుగునంతవఱకు బావినీటిని, ఆఁకలిని, ఋణమును, ధర్మమును ఏ మాటయుఁ గొట్టివేయఁజాలదు. ధాత సంవత్సరమునఁ బుట్టి 1876 మొదలు 1878 వఱకు మన మండలములను బాడుచేసిన కఱవు మెట్ట వేదాంతమునకు లొంగినది గాదు. పొరుగువాని యాఁకలిని ఎండమావితోఁ గలిపినవాఁడు రెండవమెట్టును మొదటిమెట్టులోనికిఁ ద్రోసినవాఁ డగును. శంకరు లట్లు చెప్పలేదు.

అప్పు తీర్పుమన్నవానితో “ఋణము మిథ్య” యను పెద్దమనుష్యులను జూచితిని. తమకు రావలసినదానిని మిథ్య యన్నవారిని మాత్రము నేఁటివఱకుఁ జూడలేదు.