మోకాళ్లు నావి... నన్నడిగిన్రా?

"ఆపరేషన్ చేయించేద్దాం, ఒక్కసారే పీడ పోతుంది" అంటారు మావారు. "వద్దొదినా, మా ఊళ్లో ఒకాయన పొట్లాలిస్తాడట" అంటుంది ఫోన్లో ఆడబిడ్డ. ఎక్స్‌రే తీయించిన దగ్గర్నుంచీ నెల్లాళ్లు ఇంట్లో ఇదే చర్చ. ఓ సాయంత్రం మోకాళ్లు నిమురుకుంటూ అత్తమ్మ మెల్లగా అంది. "మోకాళ్లు నావి. నన్నెవరన్న అడిగిన్రా బిడ్డా?"

సిగ్గేసింది నాకు. మా భైంసా చేలల్లో వంగి వంగి పత్తి ఏరిన మనిషి ఆమె. "మరి నీకేం గావాలె అత్తమ్మా?" అన్నాను.

"బాసరకు పోతే గోదావరి మెట్లు నేనే దిగాలె, నేనే ఎక్కాలె. కింద కూసోని జొన్నరొట్టెలు చెయ్యాలె."

ఆ రెండు కోరికలనే నిజామాబాద్‌లో ఎముకల డాక్టరు ముందు పెట్టాం. ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్ నిర్ణయించరట. ఎంత నొప్పి, ఏ పనికి అడ్డం, ఏమేం చేసి చూశారు అన్నవే ముఖ్యమట. కీలు మార్చితే నడక, మెట్లు సులువవుతాయి. కానీ బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం చాలామందికి వద్దంటారట. ఈ మాట ముందే తెలియడం మంచిదైంది.

2015లో డెన్మార్క్ పరిశోధన ఒకటి వెలువడింది. ఆపరేషన్‌కు తగిన వందమందిలో సగంమందికి కీలు మార్చి వ్యాయామం నేర్పారు. మిగతా సగానికి వ్యాయామం, బరువు తగ్గడం, మందులు మాత్రమే. ఏడాదికి ఆపరేషన్ వాళ్లకే నొప్పి బాగా తగ్గింది, తీవ్రమైన చిక్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. రెండో జట్టులోనూ గుణం కనిపించింది. ఆ ఏడాదిలో ఆపరేషన్‌కు వెళ్లింది 50 మందిలో 13 మందే. అంటే తొందరపడనక్కర్లేదు, భయపడనూ అక్కర్లేదు.

పొట్లాల సంగతి మాత్రం జాగ్రత్త. పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నొప్పి మాత్రలైనా రోజూ సొంతంగా మింగితే కడుపుకీ, కిడ్నీలకీ చేటు.

మా పక్కింటి పెద్దమ్మ కథ వేరు. వ్యాయామం, మందులు అన్నీ అయ్యాయి. అయినా రాత్రిళ్లు నిద్ర లేదు, బాత్రూముకు గోడ పట్టుకునే నడక. కీలు మార్పించుకుంది. ఇప్పుడు కూరగాయలకు తానే నడిచి వెళ్తోంది. ఆమెకు అదే సరైన దారి.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఓ కాగితం మీద రాసుకోండి. ఆపరేషన్ ఇంకొన్నాళ్లు ఆగితే నష్టమా? తర్వాత ఏ పనులు చేయొచ్చు, ఏవి కూడదు? షుగరు, బీపీ ఉంటే ఏం చూసుకోవాలి? కోలుకునేదాకా ఇంట్లో ఎవరుంటారు? మొత్తం ఖర్చెంత? 2017 ఆగస్టులో ప్రభుత్వం మామూలు రకం కృత్రిమ కీలుకు జీఎస్టీ కాక 54,720 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అది కీలు ధరే. ఆస్పత్రి బిల్లు వేరు, కాబట్టి లెక్క కాగితం మీద అడగండి.

అత్తమ్మ ముందు వ్యాయామమే ఎంచుకుంది. రోజూ కుర్చీలో కూర్చుని కాలు చాచి, కాసేపు అలాగే ఆపి దించుతుంది. కాస్త బరువు తగ్గింది. పొయ్యి గట్టు మీదికెక్కింది, రొట్టెలు నిలబడే చేస్తోంది. మొన్న బాసరలో నా చెయ్యి పట్టకుండానే మెట్లు దిగి, ఎక్కింది.

"మళ్ల నొప్పెక్కువైతే కోయించుకుంట" అంది తిరుగుదారిలో. "కని అప్పుడు గూడ నేనే జెప్త!"