బోడిగుండుకీ, మోకాలికీ ముడి!

పొత్తు కుదరని రెండు విషయాలను కలిపి మాట్లాడితే "బోడిగుండుకీ, మోకాలికీ ముడిపెడతావేం?" అని పెద్దలు కోప్పడతారు. ఆస్ట్రేలియాలో మాత్రం పరిశోధకులు నిజంగానే ఆ ముడి వేయవలసి వచ్చింది. తలకు పెట్టుకునే హెల్మెట్ గురించి వాళ్ళు లెక్కలు కడుతూ ఉంటే, మధ్యలో మోకాళ్ళూ మోచేతులూ అడ్డం వచ్చాయి. ఆ కథేమిటో చూద్దాం.

ఆస్ట్రేలియాలో విక్టోరియా అనే రాష్ట్రం ఉంది. మెల్‌బోర్న్ నగరం దాని రాజధాని. 1990 జూలై 1 నుంచి అక్కడ సైకిలు తొక్కేవారు, పిల్లలైనా పెద్దలైనా, హెల్మెట్ పెట్టుకుని తీరాలని చట్టం వచ్చింది. పెట్టుకోకపోతే జరిమానా. అన్ని వయసులవారికీ వర్తించే ఇలాంటి చట్టం ప్రపంచంలో అదే మొదటిది. రెండేళ్ళలో ఆస్ట్రేలియాలోని తక్కిన రాష్ట్రాలు, 1994లో న్యూజీలాండ్ అదే బాట పట్టాయి.

చట్టం వెనుక ఉన్న భౌతికశాస్త్రం చాలా సులువైనది. సైకిలు మీద కూర్చున్నవారి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు. (వేగవర్గం = 2 × గురుత్వ త్వరణం × ఎత్తు. మీరే కట్టి చూడండి.) ఇప్పుడు అసలు ప్రశ్న, ఈ వేగం ఎంత దూరంలో సున్నా అవుతుంది?

మామిడిపండు గడ్డిమేటు మీద పడితే ఏమీ కాదు. బండమీద పడితే చితికిపోతుంది. పడిన ఎత్తు ఒకటే, వేగమూ ఒకటే. ఆగడానికి దొరికిన దూరంలోనే ఉంది తేడా అంతా. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఆ క్షణాన తల మీద పనిచేసే బలం తల బరువుకు ఎన్ని రెట్లో సుమారుగా తెలుస్తుంది. వట్టి తల తారురోడ్డుకు తగిలి 3 మిల్లీమీటర్లలో ఆగిందనుకోండి. 1500ను 3తో భాగిస్తే 500 రెట్లు! అదే హెల్మెట్ లోపలి థర్మోకోల్ వంటి పొర 20 మిల్లీమీటర్లు నలిగిందనుకోండి, 75 రెట్లే. నిజమైన దెబ్బలో బలం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు గనుక, అసలు అంకె ఇంకా పెద్దదే వస్తుంది. ఐరోపా దేశాలలో హెల్మెట్లను పరీక్షించేటప్పుడు లోహపు తలకు తొడిగి సరిగ్గా ఇంత ఎత్తు నుంచే చదునైన ఇనుప దిమ్మ మీద పడవేస్తారు. 250 రెట్లు దాటితే ఆ హెల్మెట్ తప్పినట్లే.

నలిగిన ఆ పొర మళ్ళీ పూర్తిగా పొంగదు. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి కొత్తదానిలా మెరుస్తున్నా, పారవేయవలసిందే.

దెబ్బలు తగిలిన 64,000 మందికి పైగా సైక్లిస్టుల వివరాలను ఆస్ట్రేలియా పరిశోధకులు 2016లో ఒకచోట చేర్చి చూశారు. హెల్మెట్ ఉన్నవారికి తలకు తీవ్రమైన గాయమయ్యే అవకాశం, లేనివారితో పోలిస్తే, సుమారు 70 శాతం తక్కువని తేలింది. కాబట్టి హెల్మెట్ తలను కాస్తుందా అన్నదాంట్లో పెద్దగా సందేహం లేదు. సందేహమంతా చట్టం మీదే.

విక్టోరియాలో చట్టానికి ముందు నూటికి 31 మంది హెల్మెట్ పెట్టుకునేవారు. ఏడాదిలో అది 75కు పెరిగింది. తలకు దెబ్బ తగిలి మరణించిన, ఆసుపత్రిలో చేరిన సైక్లిస్టుల సంఖ్య మొదటి ఏడు 48 శాతం, రెండో ఏడు 70 శాతం తగ్గింది. భేష్ అనిపిస్తుంది గదా? కాని అదే నివేదికలో ఇంకో వరుస ఉంది. తలకు ఏమీ కాకుండా కాళ్ళకో చేతులకో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరినవారు మొదలైనవారి లెక్క అది. వాళ్ళ సంఖ్య కూడా మొదటి ఏడు 23 శాతం, రెండో ఏడు 28 శాతం తగ్గింది!

హెల్మెట్ మోకాలిని ఎలా కాపాడింది?

కాపాడలేదు. మరేదో జరిగింది. ఆ రోజుల్లోనే విక్టోరియా పోలీసులు తాగి కారు నడిపేవారిని విరివిగా పట్టుకోవడం, అతివేగాన్ని కెమెరాలతో కనిపెట్టడం మొదలుపెట్టారు. తలకు ఏ టోపీ లేని పాదచారుల మరణాలు కూడా తగ్గాయి. ఇది ఒక కారణం. రెండోది కాస్త చేదైనది. అసలు సైకిలు తొక్కేవారే తగ్గిపోయారు. మెల్‌బోర్న్‌లో చట్టానికి ముందూ, తరువాతా అవే కూడళ్ళలో నిలబడి లెక్కిస్తే, సైకిళ్ళు మూడో వంతుకు పైగా తగ్గినట్లు కనిపించింది. అందులోనూ ఎక్కువగా మానుకున్నవారు మీ ఈడువారే. సైకిలెక్కనివాడు సైకిలు మీంచి పడడు. అతని తలా భద్రమే, మోకాలూ భద్రమే. కాని రోజూ గుండెకూ కండరాలకూ దొరికే వ్యాయామం పోయింది. దాన్ని ఏ ఆసుపత్రి పద్దులో రాస్తారు?

1992లో మళ్ళీ లెక్కిస్తే సైకిళ్ళు పెరిగినట్లు కనిపించాయి. తీరా విచారిస్తే, లెక్కించిన ఒక కూడలి గుండా ఆ రోజున సైకిలు ర్యాలీ ఒకటి సాగిపోయిందట! లెక్కలు కట్టేవారికి ఎన్ని తిప్పలో చూడండి. తగ్గుదలలో చట్టం వాటా ఎంత అన్నదానిమీద పరిశోధకులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

తరువాత కొన్ని ప్రభుత్వాలు వెనక్కి తగ్గాయి. వీధిలో అద్దె సైకిలు తీసుకుని, పని కాగానే మరో వీధిలో వదిలే పద్ధతి వచ్చాక చిక్కు మరీ పెరిగింది. హెల్మెట్‌ను జేబులో పెట్టుకుని తిరగలేం గదా! అటువంటి పథకాన్ని ప్రారంభించిన 2010లోనే మెక్సికో నగరం హెల్మెట్ నిబంధన తీసివేసింది. 2011లో ఇజ్రాయెల్ ఊళ్ళలో తిరిగే పెద్దలకు మినహాయింపు ఇచ్చింది. మెల్‌బోర్న్ అద్దె సైకిళ్ళు కూడా 2010లోనే వచ్చాయి. అక్కడ చట్టం మారలేదు. చవక హెల్మెట్లు అమ్మి చూశారు, సైకిళ్ళతోపాటు ఉచితంగా ఉంచి చూశారు. చివరకు 2019లో ఆ పథకం మూతపడింది.

నెదర్లాండ్స్ సంగతి వేరు. అక్కడ మనుషులకంటె సైకిళ్ళు ఎక్కువ. మామూలు సైకిలుకు హెల్మెట్ చట్టం లేదు, పెట్టుకునేవారూ అరుదే. 1971లో ఆ దేశపు రోడ్ల మీద 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి "పిల్లల హత్య ఆపండి" అని ఉద్యమం నడిపారు. 1973లో పెట్రోలు కరువు కూడా తోడయింది. దాంతో కార్లకు దూరంగా సైకిళ్ళకు విడి బాటలు వేశారు, ఇళ్ళ మధ్య కార్ల వేగానికి కళ్ళెం వేశారు. నేటికీ అక్కడి బడిపిల్లలు పదకొండు, పన్నెండేళ్ళ వయసులో రోడ్డు మీద సైకిలు తొక్కి పరీక్ష ఇస్తారు.

అలాగని అక్కడ ఎవరూ పడరనుకోకండి. సైకిళ్ళ మీద తిరిగే ముసలివారు పడుతున్నారు, తలలు పగులుతున్నాయి. కరెంటుతో నడిచే సైకిళ్ళు వచ్చాక ఇది ఎక్కువైంది. అందుకే ఆ దేశపు మెదడు వైద్యులు ఇప్పుడు హెల్మెట్ పెట్టుకోండి బాబూ అని ఊరూరా చెబుతున్నారు.