తెరపై పాడిన పాట వెనక్కి వస్తుందా?

బెల్లంపల్లి: వినాయక మండపం వద్ద లడ్డూ వేలం జరుగుతుంటుంది. ఎవరో హుషారులో పెద్ద పాట పాడేస్తారు. ‘ఒకటోసారి... రెండోసారి...’ అన్న కేక వినగానే ఇంటివారు వచ్చి చేయి పట్టుకు లాగుతారు. మూడోసారి అనకముందే ఆయన తప్పుకుంటే పెద్దలు నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు బొగ్గు పట్టణాలకు మరో రకం వేలం వచ్చింది. సింగరేణి బొగ్గు, పాత ఇనుము ఈ-వేలంలో అమ్ముడవుతున్నాయి. అక్కడ కేక వేసేవారు లేరు, నవ్వి ఊరుకునేవారూ లేరు. వేలు తడబడి ఒక సున్నా ఎక్కువ పడితే గతి ఏమిటన్నది పాటదారులను వేధించే ప్రశ్న.

గరిష్ఠ పాట అంటే...

కొన్ని ఆన్‌లైన్ వేలాల్లో పాటదారు తాను ఎంతవరకు పోగలడో ముందే చెప్పి ఉంచవచ్చు. దీన్నే గరిష్ఠ పాట అంటారు. యంత్రం ఆ మొత్తాన్ని ఒకేసారి పాడదు. ఎదుటివారు పెంచిన మేరకే పెంచుతూ పోతుంది.

ఉదాహరణకు ఒక పాత మోటారుకు సర్కారు పాట 20,000 రూపాయలు, పెంపు 500 అనుకుందాం. ఒకరి గరిష్ఠ పాట 40,000, ఎదుటివారిది 32,000 అయితే మోటారు 32,500కు మొదటివారికి దక్కుతుంది. ఆయన పొరపాటున 4,00,000 అని నొక్కినా ఆ పూటకు తప్పు బయటపడదు. ఇంకొకరు వచ్చి 90,000 దాకా పాడితే మాత్రం 90,500కు ఆ మోటారు మెడకు చుట్టుకుంటుంది.

పెంచడం సులువు, మళ్లడం కష్టం

1995లో అమెరికాలో మొదలైన ఈబే వేలాల్లో గరిష్ఠ పాటను పెంచుకోవడానికి అడ్డు లేదు. వెనక్కి తీసుకోవాలంటే అంకె తప్పు పడటం, సరుకు వివరాలను అమ్మకందారు మార్చడం వంటి కారణం ఉండాలి. గడువు 12 గంటలకు మించి ఉంటే ఆ సరుకుపై పాడిన పాటలన్నీ రద్దవుతాయి. అంతకంటే తక్కువ ఉంటే చివరి పాట ఒక్కటే, అదీ పాడిన గంటలోపే తీసుకోవాలి. మనసు మారిందంటే ఒప్పుకోరు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 64వ సెక్షన్ ప్రకారం సుత్తి దెబ్బతోనో, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో వేలం ముగిసినట్లు ప్రకటించేవరకు పాట వెనక్కి తీసుకోవచ్చు.

అయితే డిపాజిట్ సంగతి వేరు. టోల్ వసూలు టెండరు వేసి, గడువులోగా వెనక్కి తీసుకున్న ఒక సంస్థ వ్యవహారంలో 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టెండరు వెనక్కి తీసుకునే హక్కు ఉన్నా, షరతు ప్రకారం హామీ సొమ్మును జప్తు చేయవచ్చన్నది ఆ తీర్పు సారాంశం. ప్రభుత్వ వేలాల షరతుల్లో ఇటువంటి నిబంధన ఉండటం పరిపాటి. ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కినప్పుడే పాటదారు దానికి తల ఊపినట్లు.

చూసుకోవలసినవి

ఉద్యోగ విరమణ సొమ్ముతో పాత ఇనుము వ్యాపారంలోకి దిగే కుటుంబానికి డిపాజిట్ పోవడమంటే మాటలు కాదు. ధర టన్నుకా, మొత్తం సరుకుకా అన్నది ముందే తేల్చుకోవాలి. సరుకును కళ్లారా చూడాలి. పాట వెనక్కి తీసుకునే షరతును చదవాలి, చదువురాకపోతే చదివించుకోవాలి. అంకెను పక్కవారికి పైకి చదివి వినిపించి మరీ నొక్కాలి. అయినా తప్పు పడితే గడువు ముగిసేదాకా ఆగకుండా వేలం నడిపేవారికి అప్పుడే రాతపూర్వకంగా తెలపాలి.

మండపం వద్ద మూడోసారి అనేదాకా వ్యవధి ఉంటుంది. తెరమీద ఆ మూడుసార్లూ వేలు పెట్టకముందే లెక్కపెట్టుకోవాలి.