ఏది ముందు, ఏది వెనుక?

కిందటి సార్వాలో మా మడిలో జల్లిన బస్తా యూరియా మురుగు కాలవ పాలైంది. తప్పు నాదే అన్నారంతా. నేను మెసేజ్ చూసే మోటారు వేశాను!

జరిగిందిదీ. టౌనులో ఉన్న నాన్న అన్నయ్యకీ నాకూ "మోటారు వెయ్యండి" అని మెసేజ్ పెట్టాడు. అది చూసి అన్నయ్య మా ఇద్దరికీ "వద్దు, ఇప్పుడే యూరియా జల్లాను" అని పెట్టాడు. మా చేలో సిగ్నలు వచ్చిపోతుంటుంది. నాకు అన్నయ్య మాట ముందొచ్చింది, నాన్న మాట వెనకొచ్చింది. ఆఖరి మాటే చెల్లుతుంది గదా అనుకున్నాను.

మిత్రులారా, వేర్వేరు ఊళ్ళలో ఉండి ఒకే పని పంచుకునే కంప్యూటర్లకూ ఇదే చిక్కు. గడియారం చూసుకోవచ్చు గదా అంటారు. కాని ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకే వేళ చూపవు. కంప్యూటర్ల పనిలో సెకనులో వెయ్యో వంతు తేడా వచ్చినా వరస తిరగబడుతుంది.

1978లో లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి చిత్రమైన ఉపాయం చెప్పాడు. ప్రతివాడూ ఒక లెక్క ఉంచుకోవాలి. మెసేజ్ పంపేముందు ఒకటి కలిపి, ఆ అంకె దానిమీద వెయ్యాలి. అందుకున్నవాడు తన అంకె, వచ్చిన అంకె చూసి, పెద్దదానికి ఒకటి కలిపి తన లెక్క మార్చుకోవాలి. అంతే!

మా ఇంటికే వేసి చూద్దాం. నాన్న లెక్క 4, పంపిన మాట 5. అన్నయ్య లెక్క 2. నాన్న మాట అందగానే 6 అవుతుంది, అతని జవాబు 7. నాకు 7 ముందొచ్చి 5 తరువాత వచ్చినా, 5 అంకె మాట 7 చూశాక పుట్టింది కాదని తెలిసిపోతుంది. మోటారు జోలికి పోకుందును.

ఇద్దరి అంకె ఒకటే అయితే? ఎవరిది ముందో ముందుగానే ఒప్పుకుని ఉండాలి. ఇందులో లోటూ ఉంది. 7 వచ్చినప్పుడు, వెనక 5 ఒకటి వస్తోందని నాకు తెలియదు. పైగా అంకె చిన్నదైనంత మాత్రాన దాన్ని చూసే పెద్దది పుట్టిందనలేం. 1988లో ఫిడ్జ్, మాటర్న్ అనే ఇద్దరు ఎవరికి వారే దీన్ని సరిచేశారు. ఒక్క అంకెకు బదులు, అందరి లెక్కల పట్టీ మెసేజ్‌తో పంపడమే ఆ కిటుకు. అన్నయ్య మాట మీద "నాన్నవి ఒకటి చూశాను" అని ఉంటే, నాకు అది అందలేదు గనుక ఆగుతాను.

మా నాన్న మాత్రం ఇప్పుడు మోటారు సంగతి ఫోను చేసే చెబుతున్నాడు.